రైస్ మిల్లు గోడ దాకా

రైస్ మిల్లు గోడ రాగానే గాయత్రి ఆగిపోయింది. డొక్కలో చెయ్యి పెట్టుకుని కాసేపు ఒగర్చింది. తర్వాత వెనక్కి తిరిగి బడి గేటు వైపు నడిచింది. ఆ సాయంత్రం అలా తిరగడం అదే మొదటిసారి కాదు.

పెడనలో వాళ్ళ హైస్కూలు గేటు దాటితే కాలవ గట్టు వస్తుంది. గట్టు మీద కొంతదూరం వెళ్తే రైస్ మిల్లు. మిల్లు దాటి ఇంకా చాలాదూరం వెళ్తే లాకులు, అంటే కాలవ నీళ్ళు ఆపడానికీ వదలడానికీ పెద్ద ఇనప తలుపులున్న చోటు. బడి వదిలాక ఆడపిల్లల పరుగు టీము గేటు దగ్గర బయల్దేరి లాకుల దాకా పరుగెత్తాలి. డ్రిల్లు మాస్టారు దయానందం గారు పెట్టిన ప్రాక్టీసు అది.

గాయత్రి లాకులు చూడలేదని కాదు. నాన్న బండి వెనక కూర్చుని చాలాసార్లు చూసింది. పరుగెత్తుకుంటూ మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు.

అలాగని ఆ పిల్ల బద్ధకస్తురాలు అనుకుంటే పొరపాటే. టీములో అందరికంటే ఎక్కువ చెమట పట్టేది ఆమెకే. మిగతావాళ్ళు ఒకసారి బయల్దేరితే ఆమె నాలుగైదు సార్లు బయల్దేరేది. గేటు దగ్గర గీత మీద కాలు పెట్టి, నడుం నిటారుగా నిలిపి, బాణంలా దూసుకెళ్ళేది. చూసినవాళ్ళు "అబ్బో" అనుకునేవాళ్ళు. మిల్లు గోడ వచ్చేసరికి ఊపిరి చాలేది కాదు. డొక్కలో పోటు వచ్చేది. పిక్కలు బరువెక్కేవి. ఛ, ఈసారి సరిగ్గా రాలేదు అనుకుని వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదట్నించీ మొదలెట్టేది.

ఇలా ఎందుకు చేసేదో తెలియాలంటే వాళ్ళింటి సంగతి కొంచెం చెప్పాలి.

వాళ్ళ నాన్న హరిబాబు కలంకారీ అద్దకం పని చేస్తాడు. ఇంటి వెనకే రేకుల షెడ్డు. షెడ్డులో పొడుగాటి బల్ల, బల్ల మీద పరిచిన గుడ్డ. చెక్క మీద పువ్వో లతో చెక్కి ఉంటుంది, దాన్ని అచ్చు అంటారు. ఆ అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తే పువ్వు పడుతుంది. దాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. మొదటి పువ్వు ఒక్క పిసరు వంకరగా పడిందంటే వరసంతా వంకరే. చీర చివరికి వచ్చేసరికి లత ఎటో వెళ్ళిపోతుంది.

అందుకని ఆ షెడ్డులో ఒక రూలు ఉంది. గాయత్రి మాటలు నేర్చిన రోజుల నుంచీ వింటున్న రూలు. మొదటి అచ్చు చెడితే అక్కడే ఆపు. రెండోది వెయ్యకు. ఆ గుడ్డ తీసేసి కొత్తది పరుచు.

మంచి రూలే. హరిబాబు అద్దిన చీరలకు బందరు షాపుల్లో పేరుందంటే దాని చలవే. కాకపోతే అది గుడ్డకు పెట్టిన రూలు. ఆ పిల్ల దాన్ని తన కాళ్ళకు కూడా పెట్టేసింది.

శుక్రవారం సాయంత్రం దయానందం సార్ టీముకు ఒక పరీక్ష పెట్టారు. బందరులో జరగబోయే పోటీలకు ఒక్కో బడి నుంచి ముగ్గురు వెళ్ళాలి. ముగ్గురూ చివరిదాకా పరుగెత్తితేనే ఆ టీము లెక్కలోకి వస్తుంది. ఒక్కరు మధ్యలో ఆగినా మిగతా ఇద్దరి కష్టం గంగలో కలిసినట్టే.

వీళ్ళ బడి ముగ్గురిలో కల్పన, గాయత్రి ఏడో తరగతి. మూడో పిల్ల వీరదుర్గ ఆరో తరగతి. వీరదుర్గ వాళ్ళమ్మ మార్కెట్లో చేపలమ్ముతుంది. ఈ పిల్లకు గాయత్రి అక్క ఏం చేస్తే అది చెయ్యడం అలవాటు. జడలు కూడా గాయత్రిలాగే మడిచి రిబ్బన్లు కట్టించుకుంటుంది.

కల్పనకు బందరు వెళ్ళాలని ఎంత ఆశో చెప్పలేం. కిందటేడు మూడో పిల్ల దొరక్క టీమే లేకుండా పోయింది. ఈ ఏడు గాయత్రిని బతిమాలి టీములోకి తెచ్చింది తనే.

"నేను ముందే వెళ్ళి లాకుల దగ్గర నిలబడతాను. ముగ్గురూ వచ్చి నా చెయ్యి ముట్టుకుంటే చాలు. తొందరేం లేదు" అని చెప్పి సార్ స్కూటర్ మీద వెళ్ళిపోయారు.

తొందరేం లేదన్న మాట గాయత్రి చెవికెక్కలేదు. ఎప్పటిలాగే అందంగా, బాణంలా బయల్దేరింది. ఎప్పటిలాగే మిల్లు గోడ వచ్చింది. డొక్కలో పోటు కూడా మామూలుగానే వచ్చింది. పక్కనించి కల్పన దాటి వెళ్తుంటే, "నాకు సరిగ్గా రాలేదే, మళ్ళీ మొదలెట్టొస్తా" అంది. కల్పన వినిపించుకున్నట్టు లేదు.

గాయత్రి గేటు దాకా వెళ్ళి మళ్ళీ మొదలెట్టింది. అలిసిన కాళ్ళు కదా, ఈసారి మిల్లు రాకముందే ఆయాసం వచ్చింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఈసారి గీత మీద ఆమె పక్కనే వీరదుర్గ కూడా నిలబడి ఉంది. ఈ పిల్ల ఎందుకు వెనక్కి వచ్చిందని అడగాలని గాయత్రికి తట్టలేదు. తన గొడవ తనది.

లాకుల దగ్గర సార్, కల్పన చాలాసేపు ఎదురుచూశారు. మేతకు వెళ్ళిన గేదెలన్నీ గట్టు మీదుగా ఇళ్ళకు వెళ్ళిపోయాయి. గాయత్రి రాలేదు, వీరదుర్గా రాలేదు. చివరికి సార్ కల్పనను వెనక ఎక్కించుకుని బడికి వచ్చారు. వచ్చేసరికి ఇద్దరు పిల్లలూ గీత మీద కాళ్ళు పెట్టి, ఇంకోసారి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు.

సార్ కోప్పడలేదు. ఏమైందని అడిగారు. గాయత్రి ఉన్నదున్నట్టు చెప్పింది. మిల్లు దగ్గర ఊపిరాడక పరుగు చెడిపోతోందనీ, బాగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ మొదలెడుతున్నాననీ చెప్పింది.

సార్ స్కూటర్ స్టాండు వేసి గట్టు మీద కూర్చున్నారు. పరుగు మొదలవగానే కాళ్ళు గాలి కావాలని ఒక్కసారిగా అడుగుతాయట. గుండె, ఊపిరితిత్తులు అంత గబుక్కున అందించలేవట. అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న మనిషికి సరిపడా మెల్లిగా పని చేస్తున్నవి కదా. అవి వేగం పెంచుకుని కాళ్ళ దాకా సరిపడా గాలి పంపడానికి కొన్ని నిమిషాలు పడుతుందట. ఆ కాసేపే ఈ ఆయాసమూ బరువూ. కొత్తగా పరుగెత్తేవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ. మొదట్లోనే వేగంగా వెళ్తే మరీ ఎక్కువ.

"నువ్వు రోజూ ఆ కష్టమైన ముక్క ఒక్కటే పరుగెత్తి వస్తున్నావమ్మా" అన్నారు సార్. "తేలికైన ముక్క దాని తర్వాత ఉంటుంది. అది నువ్వింకా చూడనేలేదు."

గాయత్రి తలూపింది. నమ్మిందా అంటే, లేదు. సార్ ఎవరికైనా ధైర్యమే చెప్తారు. కల్పన ఆ మిల్లు ఎంత హాయిగా దాటేస్తోందో తను రోజూ కళ్ళారా చూస్తూనే ఉంది. అందరికీ లేని తంటా తనకే ఉందంటే తనలోనే ఏదో లోపం ఉందనుకుంది.

సోమవారం ఇంకోసారి చూస్తానన్నారు సార్. అప్పుడు కూడా ముగ్గురూ లాకుల దాకా రాకపోతే ఈ ఏడు టీమును పంపనన్నారు.

ఇంటికి వెళ్తున్నంతసేపూ కల్పన నాలుగడుగులు ముందే నడిచింది. సందు మొదట్లో విడిపోయే చోట ఆగింది.

"నీకిష్టం లేకపోతే ముందే చెప్పొచ్చుగా" అంది.

"ఇష్టం లేకపోవడమేంటే? మీ అందరికంటే నేనే ఎక్కువ పరుగెత్తుతున్నా. మిల్లు దగ్గర నాకు ఊపిరాడదు."

"నాకు ఆడుతుందనుకున్నావా? రోజూ అక్కడ చచ్చేంత పనవుతుంది నాక్కూడా" అని కల్పన వెళ్ళిపోయింది.

గాయత్రికి ఏడుపొచ్చింది. కల్పన కోపంలో అలా అందిలే అని సరిపెట్టుకోబోయింది. ఆ మాట మాత్రం అన్నం తింటున్నప్పుడు కూడా గుర్తొస్తూనే ఉంది.

శనివారం గాయత్రి ప్రాక్టీసుకు వెళ్ళలేదు. వాళ్ళమ్మ సావిత్రి దండెం మీద గుడ్డలు ఆరేస్తుంటే పక్కనే తచ్చాడింది. చివరికి, సోమవారం తనకు జ్వరమని సార్‌కు ఫోన్ చేసి చెప్పమని అడిగింది. సావిత్రి కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. జ్వరం వస్తే తను చెప్తుందట, పరుగు మానేస్తుంటే ఆ సంగతి గాయత్రే చెప్పుకోవాలట. అంతే అని మళ్ళీ గుడ్డలు ఆరేసుకుంది.

ఆదివారం షెడ్డులో పని ఎక్కువగా ఉంది. గాయత్రి సాయానికి వెళ్ళింది. ఎవరో మామిడి పిందెల అంచు కావాలన్నారని హరిబాబు అటక మీంచి ఒక పాత అచ్చు దింపాడు. చాలాకాలంగా వాడనిది. దుమ్ము దులిపి, నూనె గుడ్డతో తుడిచి, "చిత్తుగుడ్డ పట్రా అమ్మా" అన్నాడు.

చిత్తుగుడ్డ తేవడం గాయత్రికి చిన్నప్పటి నుంచీ ఉన్న ఉద్యోగం. అదొక పాత దుప్పటి ముక్క. దాని మీద లేని రంగు లేదు.

హరిబాబు అచ్చును రంగులో అద్ది చిత్తుగుడ్డ మీద ఒక దెబ్బ వేశాడు. సగం పిందే పడింది. మళ్ళీ వేశాడు. పిందె వచ్చింది గానీ లోపలి చుక్కలు రాలేదు. మళ్ళీ వేశాడు. మచ్చలు మచ్చలుగా పడింది.

మామూలు రోజైతే గాయత్రి అటు చూసేది కూడా కాదు. ఆ రోజు మనసు బాగాలేదు. ఎటు చూసినా తప్పులే కనిపిస్తున్నాయి.

"బాగా రావట్లేదుగా నాన్నా, ఆపెయ్యి. రూలు నీదేగా" అంది.

హరిబాబు నవ్వాడు. "ఆ రూలు మంచి గుడ్డకమ్మా. ఇది చిత్తుగుడ్డ. అచ్చు ఎండిపోయి ఉంది, రంగు తాగాలి కదా. తాగేదాకా ఇలాగే పడుతుంది."

"ఎంతసేపు?"

"దాని ఇష్టం. కొత్త అచ్చయితే ఇంకా సతాయిస్తుంది. వాడుతూ ఉంటే తొందరగా అందుకుంటుంది."

మాట్లాడుతూనే ఇంకో దెబ్బ వేశాడు, ఇంకోటి వేశాడు. చుక్కలు ఒక్కొక్కటే తేలాయి. ఆ తర్వాత పడిన పిందె నిండుగా, అంచు కూడా చెదరకుండా పడింది. అప్పుడు గానీ ఆయన మంచి గుడ్డ వైపు తిరగలేదు. మంచి గుడ్డ మీద మొదటి పిందె చక్కగా కూర్చుంది.

గాయత్రి చిత్తుగుడ్డను రెండు చేతులా పట్టుకుని చూసింది. దాని నిండా ఎన్నో సగం పువ్వులు, సగం నెమళ్ళు, కాడ లేని ఆకులు. వాళ్ళింట్లో అద్దిన ప్రతి చీరకూ ముందు ఈ గుడ్డ మీద ఏవో కొన్ని దెబ్బలు పడే ఉంటాయి. వాటిని ఎవరూ తప్పులు అనలేదు. అసలు లెక్కలోకే తీసుకోలేదు. రోజూ చేత్తో పట్టుకొచ్చే గుడ్డను ఆమె కూడా ఇన్నాళ్ళూ చూడలేదు.

మిల్లు గోడ గుర్తొచ్చింది. కల్పన అన్న మాట కూడా గుర్తొచ్చింది.

"ఏంటమ్మా అంతలా చూస్తున్నావు?" అన్నాడు హరిబాబు.

"నేను రోజూ చిత్తుగుడ్డ మీదే కొట్టి, బాగా రాలేదని లేచొచ్చేస్తున్నా నాన్నా."

హరిబాబుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రంగు ట్రే కొంచెం ఇటు జరపమన్నాడు.

సోమవారం సాయంత్రం సార్ స్కూటర్ మీద ముందే లాకుల దగ్గరకు వెళ్ళారు. ముగ్గురూ గీత దగ్గరకు వచ్చారు. కల్పన ఇంకా ముభావంగానే ఉంది. గాయత్రి ఈసారి నడుం నిటారుగా నిలపలేదు, బాణంలా దూసుకెళ్ళనూ లేదు. నిజం చెప్పాలంటే అది పరుగులాగే లేదు. సంచీ పట్టుకుని కూరగాయలకు బయల్దేరిన బామ్మగారు కూడా ఆమెను దాటి వెళ్ళగలరు. కల్పన ముందుకు వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది. ఆ మొహంలో ఉన్న కాస్త ఆశా పోయింది.

వీరదుర్గ మాత్రం నిటారుగా నిలబడి, బాణంలా దూసుకెళ్ళింది.

మిల్లు గోడ వచ్చింది. ఇంత మెల్లిగా వచ్చినా గాయత్రికి ఆయాసం రానే వచ్చింది. ఎప్పుడూ వచ్చేంత లేదు, కానీ వచ్చింది. డొక్కలో పోటూ మొదలైంది. రోజూ తిరిగే చోటు కదా, కాళ్ళు వాటంతట అవే వెనక్కి తిరగబోయాయి. ఆమెకు భయం వేసింది. ఇది తగ్గకపోతే? తన ఒంట్లో అచ్చు ఎంత తాగినా నిండని రకం అయితే? కల్పన మళ్ళీ అక్కడ ఒక్కతే నిలబడి చూస్తూ ఉంటుంది.

ఇంకో రెండు దెబ్బలు, అనుకుంది. రెండడుగులు వేసింది. ఇంకో రెండు.

అప్పుడే ఎదురుగా వీరదుర్గ కనిపించింది. డొక్కలో చెయ్యి పెట్టుకుని గేటు వైపు నడిచి వస్తోంది.

"ఎక్కడికే?"

"సరిగ్గా రాలేదక్కా. మళ్ళీ మొదలెట్టొస్తా."

అక్షరం పొల్లు పోకుండా తన మాటే. శుక్రవారం ఈ పిల్ల గీత మీద తన పక్కన ఎందుకు నిలబడి ఉందో గాయత్రికి ఇప్పుడు తెలిసింది. పరుగంటే ఇదే పద్ధతి కాబోలు అనుకుంది పాపం. చూసి నేర్చుకుంది తననే. గాయత్రికి చాలా సిగ్గేసింది.

వివరంగా చెప్పడానికి ఊపిరి లేదు. వీరదుర్గ చెయ్యి పట్టుకుని లాకుల వైపు తిప్పింది.

"వెనక్కి వద్దు. మెల్లిగా రా. నడిచినంత మెల్లిగా."

"నొప్పిగా ఉందక్కా."

"నాక్కూడా ఉంది" అంది గాయత్రి. నాలుగడుగులు వేశాక, "కల్పనక్కూడా ఉంటుంది" అంది.

వీరదుర్గ నమ్మనట్టు చూసింది. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

మిల్లు గోడ చాలా పొడుగు. ఇద్దరూ దాని పక్కనే, ఊక వాసన పీలుస్తూ, ఈడ్చుకుంటూ వెళ్ళారు. చివరికి గోడ అయిపోయింది.

గోడ అవతల పెద్ద విశేషమేం లేదు. గట్టు వాలున ఎవరో ఆరేసిన కలంకారీ గుడ్డలు, ఆ పక్కన వరిచేలు. గాయత్రి బండి మీద వెళ్ళినప్పుడల్లా చూసినవే. ఎక్కడో, సరిగ్గా ఎక్కడో తెలీదు, డొక్కలో పోటు లేదని గమనించింది. ఊపిరి ఇంకా గట్టిగానే ఆడుతోంది, కానీ అడుగుతో కలిసి ఆడుతోంది. వీరదుర్గ కూడా చెయ్యి వదిలేసి పక్కన పరుగెత్తుతోంది. సార్ చెప్పిన తేలికైన ముక్క ఇదే కాబోలు. మరీ అంత తేలికగా ఏం లేదనుకుంది గాయత్రి. అయినా చాలా సంతోషం వేసింది.

కల్పన లాకుల మీద కూర్చుని ఉంది. దూరంగా ఇద్దర్నీ చూసి లేచి నిలబడింది. వాళ్ళేనా అన్నట్టు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది. అప్పుడు దిగివచ్చి, సార్ పక్కనే తను కూడా చెయ్యి చాపి నిలబడింది.

గాయత్రి సార్ చెయ్యి ముట్టుకుంది. తర్వాత కల్పన చెయ్యి పట్టుకుంది. వీరదుర్గ కూడా అలాగే చేసింది.

బందరు ప్రయాణం సంగతి ఇళ్ళల్లో చెప్పమన్నారు సార్. ఇంత మెల్లిగా వెళ్తే అక్కడ అందరికంటే చివర వస్తామేమోనని గాయత్రి సందేహపడింది.

"చివరైనా రా" అంది కల్పన. "అంతే చాలు."

మర్నాడు సాయంత్రం బడి వదిలాక ముగ్గురూ మళ్ళీ గీత దగ్గరకు వచ్చారు. వీరదుర్గ అలవాటు ప్రకారం నిటారుగా నిలబడబోయింది. గాయత్రి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, నడకలాంటి పరుగుతో పక్కనే బయల్దేరింది.

మిల్లు గోడ వచ్చింది.

"వచ్చిందక్కా" అంది వీరదుర్గ డొక్క పట్టుకుని.

"రానీ" అంది గాయత్రి.

ఇద్దరూ అలాగే ముందుకు వెళ్ళారు.